ఈత కొలనులో సముద్ర సంరక్షణ

నగరానికి పడమటి కొసన, నార్సింగి దాటిన తరువాత, ఒకదాని వెలుతురును మరొకటి మింగుతూ నిలబడిన ఆకాశహర్మ్యాల గేటెడ్ కమ్యూనిటీ ఒకటి ఉంది. జూన్ 8న ప్రపంచ మహాసముద్ర దినోత్సవం వస్తున్నదని ఎలాగో తెలుసుకున్న అక్కడి నివాసుల సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమై, ఏకగ్రీవంగా ఒక తీర్మానాన్ని ఆమోదించి, దాని ప్రతిని అన్ని లిఫ్టుల్లోనూ అంటించింది. దాని ప్రకారం క్లబ్‌హౌస్ వెనకనున్న ఈత కొలను నెల రోజుల పాటు ‘సముద్ర సంరక్షిత ప్రాంతం’. లోతైన వైపు కోర్ జోన్, పిల్లలు కాళ్లాడించుకునే వైపు బఫర్ జోన్, మధ్యలో నీలి రంగు తాడు. పన్నెండేళ్ల లోపు పిల్లలు ‘జీవావరణంపై అధిక ఒత్తిడి కలిగిస్తున్న వర్గం’ కనుక, బడులు తెరవడానికి ఇంకా కొద్ది రోజులే మిగిలిన ఆ ఉక్కపోతలో వారికి తాడుకు ఇటూ అటూ కూడా ప్రవేశం నిషిద్ధం.

తీర్మానం చదివి నవ్వినవారున్నారు. నాకు నవ్వు రాలేదు. మన దేశంలో సముద్రాన్ని కాపాడే విధానాన్ని ఇంత నిక్కచ్చిగా ఆకళింపు చేసుకున్న సంస్థ మరొకటి నా కంటపడలేదు. తాడు ఉంది, బోర్డు ఉంది, జోన్లు ఉన్నాయి, వెళ్లగొట్టడానికి ఓటుహక్కు లేని వర్గం ఒకటి సులువుగా దొరికింది. కొలనులో కాపాడవలసిన జీవరాశి ఏదీ లేదు కదా అని ఒక సభ్యుడు అభ్యంతరం లేవదీశారట. సంఘం ఆ లోటును కూడా తీర్చింది. గాలి నింపే ప్లాస్టిక్ తాబేళ్లను ఆన్‌లైన్‌లో తెప్పించి కోర్ జోన్‌లో వదిలింది.

హైదరాబాదుకూ సముద్రానికీ సంబంధమేమిటని అడిగే అమాయకులు ఎప్పుడూ ఉంటారు. దగ్గరి కెరటం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్నమాట నిజమే. కానీ జాతీయ మత్స్యాభివృద్ధి మండలి కేంద్ర కార్యాలయం ఇక్కడే, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన, కళ్లూ రెక్కలూ ఉన్న నిలువెత్తు చేప ఆకారంలో కట్టిన భవనంలో ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, మనవాళ్లు ఇన్‌కాయిస్ అనేది, ప్రగతినగర్‌లో ఉంది. ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడినీ నీటిలోని పత్రహరితాన్నీ చూసి, ఏ రోజు ఏ వైపు వెళితే చేపలు పడతాయో తీరమంతటికీ అక్కడినుంచే చెబుతారు. సునామీ వస్తే మొదట తెలిసేదీ అక్కడే. (వారిని ఎగతాళి చేసే ఉద్దేశం నాకు లేదు. అక్కడ నిజంగా పని జరుగుతుంది.) సముద్రం పక్కన ఉన్నవారికి దాని మీద ఎంతో కొంత పక్షపాతం ఉంటుంది. మనకు ఆ దోషం లేదు.

పైగా, ప్రపంచ దేశాలన్నీ కలిసి జీవవైవిధ్యం మీద 2012 అక్టోబరులో పదకొండో సదస్సు జరుపుకున్నది మన ఊళ్లోనే. 2020 నాటికి సముద్రాల్లో 10 శాతాన్ని సంరక్షిత ప్రాంతాలుగా మార్చాలని రెండేళ్ల ముందు జపాన్‌లోని నగోయాలో పెట్టుకున్న లక్ష్యాన్ని ఇక్కడ అందరూ మరోసారి గట్టిగా తలచుకున్నారు. ఆనాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ‘హైదరాబాద్ ప్రతిజ్ఞ’ పేరిట 5 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఆ మహాసభకు గుర్తుగా గచ్చిబౌలిలో ఒక పార్కు, ఒక కూడలి, ఆ కూడలి మీద ఒక ఫ్లైఓవరు మిగిలాయి. సాయంత్రం ఆరింటికి ‘బయోడైవర్సిటీ దగ్గర ఇరుక్కున్నాను’ అని ఇంటికి ఫోను చేయని ఉద్యోగి ఈ ఊళ్లో లేడు. 2020 రానే వచ్చింది, 10 శాతం రాలేదు. పది మార్కులకు తప్పినవాడికి ముప్పై మార్కుల ప్రశ్నపత్రం ఇచ్చినట్టు, 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో లక్ష్యాన్ని 30 శాతానికి పెంచి, గడువును 2030కి మార్చారు. 2024 నాటికి ప్రపంచ సముద్రాల్లో కాగితం మీద రక్షణ దొరికింది దాదాపు 8 శాతానికి. వేటను నిజంగా కట్టడి చేసింది అప్పటికి 3 శాతంలో కూడా కాదు.

ఇక జూన్ 8 సాయంత్రం జరిగిన ప్రారంభోత్సవాన్ని కొంత విపులంగా చెప్పక తప్పదు. ‘ప్లాస్టిక్ వద్దు, సముద్రం ముద్దు’ అని రాసిన ఇరవై అడుగుల ఫ్లెక్సీని కొలనుకు అడ్డంగా కట్టారు. వచ్చిన ప్రతి అతిథికీ నీలి రంగు కండువా కప్పి, చేతిలో అర లీటరు నీళ్ల సీసా పెట్టారు. సముద్రాన్ని గోవాలో స్వయంగా చూసి వచ్చిన ఒక స్థిరాస్తి వ్యాపారి ముఖ్య అతిథి. తన తరువాతి వెంచరులో కృత్రిమ బీచి ఉండబోతున్నదని, ఆ విధంగా ప్రకృతికి తన వంతు రుణం తీర్చుకుంటున్నానని ఆయన గద్గద స్వరంతో చెప్పారు.

తరువాత కేకు వచ్చింది. అయిదు కిలోల తాబేలు; పిస్తా రంగు డిప్ప, చాక్లెట్ కళ్లు. అధ్యక్షుల వారు కత్తి ఎత్తి మెడ మీద పెట్టేసరికి ఆయన అర్ధాంగి చెయ్యి పట్టుకున్నారు. “ఏమండీ, కూర్మావతారమండీ అది! శుభమా అని పండగ చేసుకుంటూ దేవుడి మెడ కోస్తారా?” అని ఆమె అడగడంతో సభ స్తంభించిపోయింది. అయితే కాళ్ల నుంచి మొదలుపెడదామని కార్యదర్శి సూచించారు. కాళ్లు కోస్తే పాపం అది సముద్రంలోకి ఎలా వెళుతుందని మహిళా విభాగం నుంచి ప్రశ్న వచ్చింది. డిప్ప తొలగించి లోపలినుంచి తినవచ్చునన్న కోశాధికారి ప్రతిపాదన క్రూరంగా ఉందని తిరస్కరించారు. ఇరవై నిమిషాల చర్చ తరువాత, తోక నుంచి మొదలుపెట్టి తల వరకు రావాలనీ, తల ముక్కను ముఖ్య అతిథికి ఇవ్వాలనీ ఏకాభిప్రాయం కుదిరింది. ఒక తాబేలు ప్రాణం గురించి ఈ రాష్ట్రంలో ఇంత సుదీర్ఘంగా, ఇంత మంది పెద్దలు కూర్చుని చర్చించడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

తాడు దగ్గర కాపలాకు నిలబెట్టిన సెక్యూరిటీ మనిషిది శ్రీకాకుళం జిల్లా. శ్రీకూర్మం ఆవల, ఇసుక మీద తెప్పలు ఉండే పల్లె. ఆ సంగతి తెలిసి అధ్యక్షుల వారు అతణ్ని వేదిక మీదికి పిలిచారు. “సముద్రం విలువ నీకంటే ఎవరికి తెలుస్తుంది? అందుకే ఈ బాధ్యత నీకు అప్పగించాం,” అన్నారు. “తెలుసు సార్. చేపల్లేకే గదా ఇటొచ్చింది,” అన్నాడతను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

విందులో వంజరం తవా ఫ్రై, రొయ్యల వేపుడు, అపోలో ఫిష్. ఇక్కడ ఒక చిన్న వివరం చెప్పాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేటను ఆపేస్తారు. అంటే జూన్ 8న వంజరం పట్టే బోటు రేవులో కట్టేసి ఉంటుంది, దాన్ని నడిపేవాడు ఇంట్లో కూర్చుని ఉంటాడు, వంజరం మాత్రం ఐసు పెట్టెలోనుంచి లేచి మన పళ్లెంలోకి వస్తుంది. ఇంట్లో కూర్చున్నందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఒక్కో కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది. లెక్క కట్టి చూస్తే రోజుకు దాదాపు 328 రూపాయలు. ఆ రాత్రి బఫేలో ఒక్కో పళ్లెం ఖరీదు ఎంతో సంఘం ఖర్చుల పద్దులో ఉంది, ఆసక్తి ఉన్నవారు చూసుకోవచ్చు.

మూడో రోజు నుంచి మినహాయింపులు మొదలయ్యాయి. ఒక సభ్యుడి కుమార్తె హల్దీ ఫొటోలకు నీలి నీళ్ల నేపథ్యం కావలసివచ్చింది. అది ‘సాంస్కృతిక వినియోగం’ అయింది. పంపు మార్చే కాంట్రాక్టరు గ్రీజు చేతులతో కోర్ జోన్‌లోకి దిగాడు; అది ‘మౌలిక సదుపాయాల అభివృద్ధి’. కార్యవర్గం వెన్నెల రాత్రి సీసాలు పట్టుకుని నడుము లోతు నీళ్లలో నిలబడింది. అది ‘క్షేత్రస్థాయి పరిశీలన’. ఇంత జరిగినా తాడు అంగుళమైనా కదల్లేదు. పట్టుబడిన నేరస్థుడు ఒక్కడే: బంతి తీసుకోవడానికి బఫర్ జోన్‌లో కాలు పెట్టిన ఏడేళ్ల కుర్రాడు. అతని తండ్రికి జరిమానా రాశారు.

వీరిని చూసి నవ్వేవారు ఒకసారి ఒడిశా దాకా వెళ్లి రావాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షలుగా గుడ్లు పెట్టే గహిర్‌మఠ దగ్గర 1,435 చదరపు కిలోమీటర్లను 1997లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. తాబేళ్లు వచ్చే నదీముఖాల దగ్గర నవంబరు నుంచి మే వరకు ఏడు నెలలు వేట నిషిద్ధం. చిన్న పడవవాడు అటు తొంగిచూస్తే కేసు. ఆ అభయారణ్యం పొరుగునే ధామ్రా ఓడరేవు 2011లో తలుపులు తెరిచింది. ఓడకు రాత్రింబవళ్లు దారి ఉంది, తెప్పకు లేదు. అయితే అదే తీరంలోని కలామ్ ద్వీపంలో, తాబేళ్లకు వెలుతురూ చప్పుడూ ఇబ్బంది అని 2024 జనవరి నుంచి మార్చి వరకు క్షిపణి పరీక్షలను ఆపాలని రక్షణ పరిశోధన సంస్థ నిర్ణయించింది. దేశ రక్షణకు ఉన్న ఓపిక, రొయ్య కోసం పెద్ద వలను ఈడ్చుకుంటూ తిరిగే ట్రాలరు అనే మరబోటుకు ఎందుకు లేదో ఎవరూ అడగరు.

మన వైపు చూస్తే, గోదావరి సముద్రంలో కలిసేచోట కోరంగి అభయారణ్యం 1978 నుంచి ఉంది. మడ చెట్లు, బావురు పిల్లులు, నీటికుక్కలు, ఎదురుగా తాబేళ్లు గుడ్లు పెట్టే హోప్ ఐలాండ్. గీతకు లోపల అంతా పవిత్రం. గీతకు బయట, కాకినాడ దుమ్ములపేటలో, 2020లో ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లను కొట్టేశారు. చెట్టుకు ఆ గీత ఎక్కడుందో తెలియకపోవడమే తప్పు కాబోలు.

ఇంతవరకు గంభీరంగా రాసుకొచ్చాను. ఇక నా వల్ల కాదు.

ఏటా సంక్రాంతి దాటేసరికి కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా తీరం మీద తాబేళ్ల శవాలు కొట్టుకొస్తాయి. మెడ వాచి, కళ్లు బయటికి పొడుచుకొచ్చి, గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ తాబేళ్లు. తాబేలు చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి. ట్రాలు వలలో ఇరుక్కుని గంటల తరబడి నీటి అడుగున ఈడ్చుకుపోతే ఊపిరాడక చస్తుంది. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. వల గొంతులో ఏటవాలుగా ఒక ఇనుప చట్రం బిగిస్తే రొయ్య చువ్వల సందులోంచి వెనక్కి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. దాని పేరు టెడ్. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపడే నమూనా ఎప్పుడో తయారుచేసి ఇచ్చింది. ఈ చట్రం లేకుండా పట్టిన రొయ్యను కొనబోమని అమెరికా అంటే, మరి మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ మెట్లెక్కి పోట్లాడాం. 1998లో తీర్పు వచ్చింది: అమెరికా నిబంధనను అమలు చేసిన తీరు తప్పు, తాబేలును కాపాడాలనుకోవడం తప్పు కాదు. ఆ రెండో ముక్క మన చెవికెక్కలేదు. కొన్నేళ్లుగా మన సముద్రంలో పట్టిన రొయ్యకు అమెరికా తలుపు మూసుకునే ఉంది. అంత నష్టానికైనా ఒప్పుకున్నాం గానీ, వలలో నాలుగు చువ్వలు బిగించడానికి ఒప్పుకోలేదు.

శవాలు కొట్టుకొచ్చిన రోజున జరిగేదేమిటి? ఫొటోలు, విచారణకు ఆదేశాలు, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన దగ్గర ‘అవగాహన సదస్సు’. ఆయన తెప్పకు తాబేలును ముంచే బలమే లేదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కింద నిబంధన ఉంది. ఆ ఎనిమిది కిలోమీటర్లూ ఆ ముసలాయనవి. ఆయన వలను చింపుకుంటూ, ఆయన చేపను ఊడ్చుకుంటూ రాత్రిళ్లు తిరిగేది ఎవరి బోట్లో రేవులో టీ అమ్మేవాడు కూడా చెబుతాడు. తాబేలు చచ్చిందీ, ఆయన కొడుకు వలసపోయిందీ ఒకే వల వల్ల. ఆ కొడుకులే గుజరాత్‌లోని వేరావల్‌కు కూలికి పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, ఏడాదికి పైగా జైల్లో ఉండి, 2020 జనవరిలో ఇంటి ముఖం చూశారు. సొంత ఊరి ముందు వెయ్యి కిలోమీటర్లకు దగ్గరగా తీరం ఉన్న రాష్ట్రం వాళ్లు!

అదే వేరావల్ దగ్గర తిమింగల సొర వలలో పడితే జాలరులు వల కోసి దాన్ని వదిలేస్తారు. 2004లో అక్కడ మొదలైన ప్రయత్నమిది. తెగిన వలకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ఒకప్పుడు దాన్ని వేటాడి బతికినవారే ఇప్పుడు దాన్ని వదులుతున్నారు. నష్టం నీది, పుణ్యం మాది అని వారికి ఎవరూ చెప్పలేదు, అందుకని.

2030 వచ్చేలోగా మన పటాల మీద చాలా నీలి గళ్లు పడతాయి. 30 శాతం చూపించాలి కనుక పడి తీరతాయి, వాటిని ప్రకటించే సభల్లో ఒకటి తప్పకుండా మన ఊళ్లోనే జరుగుతుంది. అలాంటి సభకు నన్నెవరైనా పిలిస్తే అడగదలచుకున్నది ఇంతే. ఎనిమిది కిలోమీటర్ల లోపల తిరిగే ట్రాలరును ఆపడానికి కొత్త అభయారణ్యం అక్కర్లేదు, ఉన్న చట్టం చాలు. దానికి డీజిల్ ఉన్న గస్తీ బోటు కావాలి. అందులో జనవరి రాత్రి కూర్చునే మనుషులు కావాలి. వాళ్లు పట్టుకున్న బోటును తెల్లారేసరికి ఒక్క ఫోనుతో విడిపించని ఎమ్మెల్యే కావాలి. మొదటి రెండింటికీ బడ్జెట్లో పద్దు దొరుకుతుంది.