పాలివ్వని దున్న, పుట్టని దూడ

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మరి ఆ దున్నపోతు పూటకు ఎన్ని లీటర్లిస్తుందని అడిగేవాణ్ని ఏమనాలి? నవ్వుకోనక్కర్లేదు. పాడిపశువుల జన్యుశాస్త్రం నూరేళ్లుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

సంతలో గేదెను బేరమాడేటప్పుడు మనవాళ్లు పొదుగు పట్టి చూస్తారు, పాలనరం చూస్తారు, తల్లి ఎన్నిచ్చేదని దళారిని అడుగుతారు. తండ్రి ఎవరని అడిగేవాళ్లు అరుదు. లెక్క వేస్తే అడగాల్సింది తండ్రి గురించే. గేదె జన్మంతా ఈనినా ఏడెనిమిది దూడలు. గడ్డకట్టించిన వీర్యం స్ట్రాల్లోకి, అంటే సూదికి వాడే సన్నటి గొట్టాల్లోకి, ఎక్కాక ఒక్క ఆబోతుకో దున్నకో వేల కూతుళ్లు. ఆ ఎంపిక తప్పితే ఒక కొట్టంలో కాదు, వేల కొట్టాల్లో పాలు తగ్గుతాయి. అయితే దాని పొదుగు ఎక్కడుందని పట్టి చూస్తాం? కూతుళ్లు ఈనేదాకా ఆగాల్సిందే. ఆబోతు పుట్టి, స్ట్రాలిచ్చి, పెయ్యలు పుట్టి, అవి ఎదిగి ఈని, ఒక ఈత పాలు కొలిచేసరికి దాని వయసు అయిదారేళ్లు దాటిపోతుంది.

ఈ నిరీక్షణను చెరిపేసినవాళ్లలో ముందు వరసలో చెప్పుకోవాల్సిన పేరు పాల్ వాన్‌రాడెన్. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం బెల్ట్స్‌విల్‌లో, అక్కడి వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో దశాబ్దాల పాటు పనిచేసిన శాస్త్రవేత్త. ఆయన పనిముట్టు సూక్ష్మదర్శిని కంటే ఎక్కువగా గణితం. అక్కాచెల్లెళ్లయిన రెండు ఆవులు జన్యువుల్లో సగం పంచుకుంటాయని వంశవృక్షం చెబుతుంది. నిజంగా చూస్తే ఒక జంట కాస్త ఎక్కువ, మరో జంట కాస్త తక్కువ పంచుకుంటాయి. డీఎన్ఏలో దాదాపు 54 వేల చోట్ల ఏ అక్షరముందో చదివే చిప్ అప్పుడే చేతికొచ్చింది. కాగితం మీది చుట్టరికాన్ని పక్కనపెట్టి అసలు చుట్టరికాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతిని ఆయన 2008లో ప్రచురించారు. 2009 జనవరికల్లా హోల్‌స్టీన్, జెర్సీ జాతులకు అధికారిక జన్యు అంచనాలు మొదలయ్యాయి. పుట్టిన వారానికే దూడ చెవి ముక్కతోనో వెంట్రుకలతోనో దాని కూతుళ్ల పాడి గురించి చెప్పడం సాధ్యమైంది.

జోస్యంలా వినిపిస్తుంది కాబట్టి దాన్ని ఎలా పరీక్షించారో చెప్పాలి. 1999కి ముందు పుట్టిన 3,576 హోల్‌స్టీన్ ఆబోతుల చిప్ వివరాలు, 2003 నాటికి వాటి గురించి తెలిసిన లెక్కలు తీసుకున్నారు. ఆ తర్వాత పుట్టిన 1,759 ఆబోతుల కూతుళ్లు ఎలా పాలిస్తాయో వాటితోనే అంచనా కట్టి, 2008లో వచ్చిన అసలు లెక్కల పక్కన పెట్టారు. తల్లిదండ్రుల సగటు చెప్పినదానికంటే చిప్ చెప్పింది నిజానికి స్పష్టంగా దగ్గరగా వచ్చింది.

ఇక్కడొక మాట తరచూ మరుగున పడుతుంది. చిప్‌కు పాల సంగతేమీ తెలియదు. ఈ చోట ఈ అక్షరముంటే పాలు పెరుగుతాయని చెప్పింది, ఏళ్ల తరబడి ఒక్కో ఆవు పేరు మీద రాసిపెట్టిన పాల లెక్కలు. మిషిగన్‌లో రైతులు ఆవుల పాలు కొలిపించుకునే సంఘం పెట్టుకున్నది 1905లో. వాన్‌రాడెన్ కూర్చున్నది ఆ నూరేళ్ల ఖాతా పుస్తకం ముందు.

ఆ పుస్తకంలో ఆయన కనిపెట్టిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది 2011 నాటి పని. ఒక పశువు చూలు నిలవకపోతే ఎవరైనా ఏం చేస్తారు? రోగమేదో వెతుకుతారు. ఆయన బృందం తిరగేసి ఆలోచించింది: బతికున్న పశువుల్లో ఎప్పుడూ కనిపించని జన్యు కూర్పు ఏదైనా ఉందా? జెర్సీల్లో ఒక డీఎన్ఏ ముక్కను నూటికి 23 పశువులు మోస్తున్నాయి. మోసే పశువులు ఆ ముక్కను సగం దూడలకే ఇస్తాయి. ఆ లెక్కన యథాలాపంగా జత కడితే వెయ్యి దూడల్లో ఓ పదమూడింటికి అది తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా రావాలి. వేల జెర్సీలను చదివితే అలాంటిది ఒక్కటీ లేదు. ఎందుకు లేదు? అలాంటి దూడ కడుపులోనే పోతోంది గనుక. హోల్‌స్టీన్‌లో మూడు, జెర్సీలో ఒకటి, బ్రౌన్ స్విస్‌లో ఒకటి, మొత్తం అయిదు లోపాలు అలా బయటపడ్డాయి. పుట్టని దూడలు సాక్ష్యం చెప్పాయన్నమాట.

హోల్‌స్టీన్ లోపాల్లో ఒకదాని మూలం వెతికితే దారి ఒక మహా ఆబోతు దగ్గరికి వెళ్లింది. 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్‌కు 16 వేల మంది కూతుళ్లు, 5 లక్షల మంది మనవరాళ్లు, 20 లక్షలకు పైగా మునిమనవరాళ్లు. హోల్‌స్టీన్ జాతి జన్యుసంపదలో దాదాపు 14 శాతం దానిదే. పాలతో పాటు అది ఏపీఏఎఫ్1 అనే జన్యువులో ఒక తప్పును కూడా పంచిపెట్టింది. ఈ తప్పు వల్ల 35 ఏళ్లలో ప్రపంచవ్యాప్తంగా 5.25 లక్షల చూళ్లు పోయాయని, నష్టం 42 కోట్ల డాలర్లని 2016లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. అదే కాలంలో చీఫ్ సంతతి పెంచిన పాల విలువ 3 వేల కోట్ల డాలర్లట. పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలన్నది మన సామెత. అమెరికా పాడిరంగం దాన్ని అక్షరాలా పాటించింది, తన్నుతున్న సంగతి తెలియకుండానే.

తెలిసి ఓర్చుకున్న తన్నులూ ఉన్నాయి. 1944లో అమెరికాలో 2.56 కోట్ల పాడావులు 5,300 కోట్ల కిలోల పాలిస్తే, 2007లో 92 లక్షల ఆవులే 8,400 కోట్ల కిలోలిచ్చాయి. దాణా, వైద్యం, యాజమాన్యం పాత్ర ఉన్నా జన్యు ఎంపిక లేకుండా ఇది జరిగేది కాదు. ఈ పరుగులో హోల్‌స్టీన్ ఆవులు చూలు కట్టే శక్తి దశాబ్దాల పాటు దిగజారుతూ వచ్చింది. వాన్‌రాడెన్ బృందం ఏం చేసిందంటే, కూతుళ్లు ఎంత త్వరగా చూలు కడుతున్నాయన్న దానికి 2003లో ఎంపిక సూచీలో, అంటే ఆబోతులకు గుణాలవారీగా మార్కులు వేసే లెక్కలో, చోటిచ్చింది. ఆ ఏటి సూచీలో పాల పరిమాణానికి ఇచ్చిన విలువ సున్నా. కొవ్వుకు, ప్రొటీన్‌కు విలువ ఉంది, ఆయుష్షుకు ఉంది, నీళ్లపాలకు లేదు. చూలు కట్టే గుణంలో వారసత్వం వాటా నూటికి నాలుగు మాత్రమే. అయినా జారుడు ఆగింది, జాతి కోలుకోసాగింది. లక్షల ఆవుల లెక్కలుంటే ఆ నాలుగు శాతాన్ని కూడా పట్టుకోవచ్చు.

మరోవైపు వేగమే ఒక ప్రమాదం తెచ్చింది. తరాల మధ్య ఎడం తగ్గడంతో పేరున్న ఆబోతు కొడుకే, మనవడే మళ్లీ మళ్లీ ముందుకొస్తున్నాడు. అమెరికా హోల్‌స్టీన్ ఆబోతుల తండ్రి వరస దాదాపు మొత్తం రెండు మూలాలకే చేరుతుంది, ఒకటి చీఫ్ ద్వారా, రెండోది ఎలివేషన్ అనే మరో ఆబోతు ద్వారా. దగ్గరి చుట్టరికాల వల్ల ఇంకెన్ని దాగిన తప్పులు జతపడతాయో! చిప్ వాటిని వెతికి పెడుతుంది, నిజమే. ఆ చుట్టరికాన్ని బిగిస్తున్నదీ చిప్పే.

మన సంగతికొస్తే, చిప్‌ల కొరత లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ దేశవాళీ ఆవుల కోసం చేసిన ఇండిగౌ చిప్ 2021లో విడుదలైంది. 2024 అక్టోబరులో ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ వచ్చాయి. పశువుల చెవులకు పన్నెండంకెల పసుపు బిళ్లలు పడ్డాయి. విడుదల సభల్లో వినిపించే ఉత్సాహం చూస్తే పాలు రేపో మాపో పొంగుతాయనిపిస్తుంది. నా అనుమానం వేరే చోట ఉంది.

పాల కేంద్రం దగ్గరికి వెళ్లి చూడండి. పొద్దునా సాయంత్రం ప్రతి రైతు పాలకూ వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు), లీటర్లు యంత్రంలో నమోదవుతాయి, చీటీ చేతికొస్తుంది. కోట్లాది కొలతలు. కానీ ఆ క్యానులో ఉన్నది ఒక గేదె పాలు కాదు, ఇంటి పాలు. రెండు గేదెలవి కలిశాయి, దూడ తాగినవి పోయాయి, పెరుగుకు తీసి పెట్టినవి పోయాయి. ఆ చీటీ రైతు పేరు చెబుతుంది, పశువు పేరు చెప్పదు. డబ్బులు లెక్కకట్టడానికి చాలు, దున్నను ఎంచడానికి పనికిరాదు. ఎంచుకున్న ఊళ్లలో నెలకో రోజు రెండు పూటలా ఒక్కో పశువు పాలను విడిగా కొలిచి రాసే కార్యక్రమాలు దేశంలో ఉన్నాయి. 2023–24లో దాదాపు 24 కోట్ల టన్నుల పాలు పిండిన దేశానికి అవి ఏ మూలకు?

ఆంధ్రప్రదేశ్‌కు ఇది మరీ వర్తిస్తుంది. 2019 పశుగణనలో ఇక్కడ ఆవులు 46 లక్షలైతే గేదెలు 62 లక్షలు. మన పాలంటే ముఖ్యంగా గేదె పాలు, మన ఎంపికంటే ముఖ్యంగా ముర్రా దున్న. హోల్‌స్టీన్ లెక్కలు గేదెకు అతకవు. అక్కడి ఆబోతు కూతుళ్లు చలిలో, పుష్కలమైన దాణాతో చూపిన పాడి ఇక్కడి ఎండలో, వరిగడ్డి మీద అలాగే నిలుస్తుందన్న హామీ లేదు. రాయలసీమలో సంకరజాతి జెర్సీలు మేపేవాళ్లకు మాత్రం బెల్ట్స్‌విల్ పరిశోధన సూటిగా పనికొస్తుంది. జెర్సీ స్ట్రా కొనేవాళ్లు ఆ ఆబోతుకు 2011లో బయటపడిన లోపం ఉందో లేదో రాసివ్వమని అడగాలి. ఇది పెద్ద ఖర్చు కూడా కాదు, ఒక పరీక్ష.

పాల లెక్కతో పాటు నేను కోరేది మరొకటుంది. ఊళ్లో పశువులకు వీర్యం సూదులు వేసే గోపాలమిత్ర ఎన్ని సూదులు వేశాడు, ఎన్ని దూడలు పుట్టాయి అన్నవి లక్ష్యాల పట్టికలో ఉంటాయి. ఎన్ని పశువులు చూలు నిలవక తిరగబొర్లాయి, చూలు కట్టాక ఎన్ని ఈసుకుపోయాయి (చూలు పోగొట్టుకున్నాయి), ఏ నెలలో, ఏ స్ట్రాకు అన్నది రాసినందుకు ఎవరికీ మెప్పు రాదు. పైగా మాట పడాల్సి వస్తుంది. గేదె ఈసుకుపోతే ఇంట్లో దిష్టి అనుకుంటారు, పక్కింటివాళ్లు మేత బాగాలేదంటారు, పశువుల డాక్టరు ఓ ఇంజెక్షన్ ఇస్తాడు. చెవిబిళ్ల నంబరు పక్కన ఆ రోజు తేదీ, వాడిన స్ట్రా నంబరు పడితే చాలు. వాన్‌రాడెన్ అనుమానాన్ని నిలబెట్టినవి అలాంటి వరసలే.