ఐదో కేటగిరీ కెమిల్, మూడో కేటగిరీ కత్రినా: ఏది పెద్దది?

అమెరికాలోని మిసిసిపీ తీరాన్ని 36 ఏళ్ల తేడాతో రెండు హరికేన్లు దాదాపు ఒకే చోట దెబ్బతీశాయి. 1969 ఆగస్టులో కెమిల్, 2005 ఆగస్టులో కత్రినా. రికార్డుల్లో చూస్తే ఈ రెండింటి మధ్య పోటీయే లేదు. తీరం దాటేటప్పుడు కెమిల్ గాలి వేగం గంటకు సుమారు 280 కిలోమీటర్లు, ఐదో కేటగిరీ. కత్రినా సుమారు 200 కిలోమీటర్లతో మూడో కేటగిరీకి దిగింది. కానీ పాస్ క్రిస్టియన్ ప్రాంతంలో కెమిల్ ఉప్పెన 24 అడుగులు దాటితే, కత్రినా ఉప్పెన 27 అడుగులు దాటింది.

కేటగిరీ అంటే గాలి వేగానికి ఒకటి నుంచి ఐదు దాకా వేసే మార్కు మాత్రమే. తుపాను వెడల్పు ఎంత, తీరంలో సముద్రం లోతెంత అన్నవి ఆ మార్కులోకి రావు. కెమిల్ చిన్నది, బిగువైనది. కత్రినా చాలా విశాలమైనది. పైగా ముందురోజు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఐదో కేటగిరీలో ఉన్నప్పుడు లేపిన నీటిని, గాలి తగ్గాక కూడా వెంటబెట్టుకునే వచ్చింది. లోతు తక్కువ ఉన్న ఆ తీరంలో నీళ్లు పైకి లేవక తప్పలేదు. 1977 దివిసీమ సంగతి తెలిసిన తెలుగువారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మిసిసిపీలో మాత్రం చాలామంది కెమిల్‌కే తట్టుకున్న ఇంటికి ఇప్పుడేమవుతుందిలే అనుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. కెమిల్ 1969లో కన్నా 2005లోనే ఎక్కువమందిని చంపిందని ఆ తీరవాసులు ఆ తర్వాత చెప్పుకున్నారు.

పాత తుపానుతో కొత్తదాన్ని పోల్చడం ఇంత ప్రమాదమా అంటే, పోలిక తప్పు కాదు. దేన్ని దేనితో పోలుస్తున్నామో చూసుకోకపోవడమే తప్పు.

అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం నిర్వహించే హర్‌డాట్ అనే పట్టికలో 1851 నుంచి అట్లాంటిక్ తుపాన్ల వివరాలున్నాయి. ఆరు గంటలకొకసారి తుపాను ఎక్కడుంది, గాలి ఎంత అన్నది వరుసగా కనిపిస్తుంది. 1860ల నాటి వరుస కూడా నిన్నటి వరుసంత పొందికగా ఉంటుంది, చిక్కంతా అక్కడే. హరికేన్‌లోకి కావాలని విమానం నడిపింది మొదటిసారి 1943లో. వాతావరణ ఉపగ్రహం వచ్చింది 1960లో. అంతకుముందు నడిసముద్రంలో ఏం జరిగిందో దారిన పోయే ఓడ చెప్పాలి, ఆ ఓడ మునగకుండా తిరిగి రావాలి. అందుకే 1933లో 20 తుపాన్లు, 2020లో 30 అని పక్కపక్కన పెట్టి, సముద్రం వేడెక్కి తుపాన్లు పెరిగాయని తీర్పు చెప్పేవారిని నేను నమ్మను. సముద్రం వేడెక్కడం నిజమే, దానికి వేరే రుజువులున్నాయి. ఈ తీసివేత లెక్క మాత్రం దానికి సాక్ష్యం కాదు.

నేల మీద కొలతలైనా గట్టివా? 1900 సెప్టెంబరు 8న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో గాలి వేగాన్ని కొలిచే పరికరం 160 కిలోమీటర్ల దరిదాపుల్లో నమోదు చేసి, ఎగిరిపోయింది. అసలు గాలి ఆ తర్వాతే వచ్చింది. నేడు పట్టికలో కనిపించే నాలుగో కేటగిరీ తర్వాతివారు కట్టిన అంచనా. మృతులు 6 వేలా, 12 వేలా అన్నదీ తేలలేదు. సాధారణంగా 8 వేలంటారు.

ఆధునిక తుపాన్ల అంకెలూ కదులుతూనే ఉన్నాయి. 1992 నాటి ఆండ్రూను పదేళ్ల తర్వాత, 2002లో, నాలుగు నుంచి ఐదో కేటగిరీకి పెంచారు. పైన విమానం కొలిచిన గాలి కిందికి వచ్చేసరికి ఎంత తగ్గుతుందో అప్పటికి మెరుగ్గా తెలిసింది మరి. కత్రినా మృతులు 1,833 అని ఏళ్ల తరబడి చదివాం; 2023లో హరికేన్ కేంద్రం దాన్ని 1,392కి సవరించింది. పోర్టోరికోలో 2017 నాటి మరియా మృతులు మొదట 64. మరుసటి ఏడాది ప్రభుత్వమే 2,975 అని ఒప్పుకుంది. ఈ రెండో అంకె, తుపాను తర్వాత నెలల్లో మామూలుకన్నా ఎన్ని మరణాలు ఎక్కువగా సంభవించాయో లెక్కగట్టి తేల్చింది. కరెంటు లేక, వైద్యం అందక పోయినవారు కూడా అందులోకి వస్తారు. కత్రినా లెక్క ఆ పద్ధతిలో కట్టింది కాదు. కాబట్టి మరియా కత్రినాకన్నా రెండింతలు ప్రాణాలు తీసిందని ఈ రెండు అంకెలను బట్టి చెప్పలేం; కత్రినాకూ అదే పద్ధతిలో లెక్క కడితేనే ఆ మాట అనగలం.