టైరు తప్పు చేయదు

యాభై వేల కిలోమీటర్లు చూసుకోనక్కర్లేదన్న మా కారు టైరు పద్దెనిమిది వేలకే గుండైంది. తిరుపతి కూడా వెళ్లలేదు.

షోరూం వాళ్లు "టైరు మాది కాదు సార్, టైరు కంపెనీది" అన్నారు. డబ్బు తీసుకున్న రోజు ఈ వేరు కాపురం సంగతి చెప్పలేదు.

కంపెనీ నిపుణుడు వచ్చి, టైరును హస్తరేఖల్లా తడిమి జాతకం చెప్పాడు. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తప్పింది. "మరి అంతా సమానంగా అరిగితే?" అని ఆశగా అడిగాను. "బాగా తిరిగారన్నమాట!" శాస్త్రాన్ని తప్పుపట్టను, నాలుగూ నిజాలే. నాలుగింటిలోనూ ముద్దాయిని నేనే కావడం కాకతాళీయం. మా కాలనీ గుంతల మాటెత్తితే, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు చూశాడు.

పోనీ కేసు గెలిచామే అనుకుందాం. వారంటీ గణితం గొప్పది. కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లనుకోండి. 1.6కి వస్తే టైరు ఆయుష్షు తీరినట్టే. అంటే వాడుకోదగ్గది 6.4. నాకు మిగిలింది 2.4, అందులో వాడుకోదగ్గది 0.8. అంటే ఎనిమిదో వంతు. ఆరు వేల టైరుకి 750 రూపాయలు, అదీ చేతికి కాదు, వాళ్ల కొత్త టైరు మీద తగ్గింపు. త్వరగా అరిగిందన్నదే నా ఫిర్యాదు. ఎంత అరిగితే అంత తక్కువ ఇస్తారు. నా మాట పూర్తిగా రుజువైతే పరిహారం సున్నా. అసలు అరగకపోతే పూర్తి డబ్బు వచ్చేదేమో గానీ, అప్పుడు నేను అడిగేవాణ్ణి కాదు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకున్నాను. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. అయితే అక్కడికి వెళ్లిరావడానికి కారు తీయాలి, టైరు ఇంకాస్త అరుగుతుంది. మిగిలిన 750లో కోత.

తిరస్కరణ పత్రంలో కారణం ఒక్క ముక్కే రాశారు: "వాడకం వల్ల అరుగుదల." కొత్త టైర్లు కొని, ఈసారి వాడకుండా అటకెక్కిద్దామన్నాను. మా ఆవిడ టైరు పక్కభాగం మీదున్న నాలుగంకెలు చదివింది: తయారైన వారం, సంవత్సరం. "అటక మీదున్నా రబ్బరు ముసలిదవుతుందటండీ, మీలాగే."