పాత సర్వర్లతో ఇంకెన్నాళ్లు?

ఆఫీసుల్లో ఫైళ్లు, లాగిన్‌లు నడిపే సర్వర్ కంప్యూటర్లలో వాడే విండోస్ సర్వర్ 2016కు మైక్రోసాఫ్ట్ మద్దతు, అంటే భద్రతా లోపాలను పూడ్చే ప్యాచ్‌లు ఇవ్వడం, 2027 జనవరి 12తో ముగుస్తుంది. 2012 వెర్షన్ గడువు 2023 అక్టోబరులోనే తీరిపోయింది. డబ్బు కట్టి పొడిగించుకున్నవారికి కూడా 2026 అక్టోబరు 13 ఆఖరు తేదీ. లైనక్స్ వైపు చూస్తే, సర్వర్లలో వాడే సెంట్‌ఓఎస్ 7 వెర్షన్‌కు 2024 జూన్ 30తోనే ప్యాచ్‌లు ఆగిపోయాయి. ఇవేవీ రాత్రికి రాత్రి వచ్చిపడిన తేదీలు కావు, ఏళ్ల ముందే ప్రకటించినవి. అయినా ఎన్నో సంస్థల్లో పాత సర్వర్ అలాగే నడుస్తోంది. ‘బాగానే పనిచేస్తోంది కదా, ఇప్పుడెందుకు కదపడం’ అంటూ వాయిదా వేస్తున్నారు. ఈ వాదనతో మేము ఏకీభవించలేం.

గడువు తీరిన సర్వర్ మర్నాడే ఆగిపోదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింట్లు వస్తాయి, ఎవరికీ ఏ తేడా కనిపించదు. కానీ కొత్త వెర్షన్లకు ప్రతి నెలా వచ్చే ప్యాచ్‌ను విప్పి చూస్తే ఏ లోపాన్ని పూడ్చారో దాడి చేసేవాళ్లకు తెలిసిపోతుంది. అదే కోడ్ పాత వెర్షన్‌లోనూ ఉంటే, దాన్ని పూడ్చేవారు ఇక లేరు. 2017 మే 12న వానాక్రై పురుగు (ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి తనంతట తానే పాకి ఫైళ్లకు తాళం వేసే ప్రోగ్రామ్) ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు, అది వాడుకున్న లోపానికి ప్యాచ్ అప్పటికి రెండు నెలల ముందే వచ్చి ఉంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. అక్కడ దెబ్బతిన్న కంప్యూటర్లలో ఎక్కువ భాగం మద్దతు ఉన్నా ప్యాచ్ వేయనివే. ప్యాచ్ చేతిలో ఉండి వేయకపోతేనే అంత నష్టం జరిగితే, అసలు ప్యాచే రాని సర్వర్ మీద జీతాల లెక్కలు, రోగుల రికార్డులు పెట్టుకున్నవారి సంగతేమిటి?

అలాగని గడువు నెత్తి మీదికి వచ్చాక ఆదరాబాదరాగా మార్చేయడమూ తప్పే. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఖాతాల వివరాలన్నిటినీ ఒకే వారాంతంలో కొత్త వ్యవస్థకు తరలించింది. దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. ఎంత భారం మోయగలదో చూసే పరీక్షలను రెండు డేటా సెంటర్లలో ఒకదానిలోనే చేశారని తర్వాత స్వతంత్ర విచారణలో తేలింది. నియంత్రణ సంస్థలు 2022 డిసెంబరులో 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి. సాధారణ ఆఫీసు నెట్‌వర్క్ అంత పెద్దది కాకపోవచ్చు, కానీ పరీక్షించకుండా మారిస్తే ఎదురయ్యే కష్టం ఒకటే.

కాబట్టి మొదటి పని కొత్త సర్వర్ కొనడం కాదు, పాతదాని మీద ఏమేమి ఆధారపడి ఉన్నాయో జాబితా రాయడం. చెప్పినంత తేలిక కాదిది. ఎప్పుడో మానేసిన ఉద్యోగి పేరుతో ఉన్న అకౌంట్ మీద రాత్రి బ్యాకప్ నడుస్తుంటుంది, దాని పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. హాజరు మెషీన్‌లో సర్వర్ పేరుకు బదులు నేరుగా ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామా) కొట్టి ఉంటుంది, సర్వర్ మారితే అది పనిచేయకపోవచ్చు. ఒక మూలనున్న పాత స్కానర్‌నే తీసుకోండి. కాగితాన్ని చదివి షేర్డ్ ఫోల్డర్‌లో వేయడం దాని పని. కొత్త సర్వర్ పెట్టిన రోజు ఆ ఫైలు రాదు. ఎందుకంటే దానికి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపేందుకు ఎస్‌ఎంబీ1 అనే పాత పద్ధతి తప్ప మరొకటి తెలియదు, విండోస్ సర్వర్ 2019 నుంచి ఆ పద్ధతిని ముందుగా ఇన్‌స్టాల్ చేసి ఇవ్వడం లేదు. అకౌంట్స్ విభాగం నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటాయి. ఆ టెన్షన్‌లో సర్వర్లు చూసుకునే అడ్మిన్ ఎస్‌ఎంబీ1ను మళ్లీ ఆన్ చేసేస్తారు. వానాక్రై పాకింది ఆ ఎస్‌ఎంబీ1 ద్వారానే. ఆ లోపానికి ప్యాచ్ ఉందన్నది నిజమే, కానీ తయారీదారే వదిలించుకోమంటున్న పద్ధతిని కొత్త సర్వర్‌లోకి చేతులారా తెచ్చుకున్నట్టే. స్కానర్ సంగతి నెల ముందే తెలిసి ఉంటే ఫైళ్లను మెయిల్‌కు పంపేలా సెట్ చేసేవారు, లేదా కొత్తది కొనేవారు.

సంస్థ కంప్యూటర్లన్నిటినీ ఒకే లాగిన్ వ్యవస్థ కింద కలిపేది డొమైన్, దాన్ని నడిపే సర్వర్ డొమైన్ కంట్రోలర్. దీని విషయంలో మరింత ఓపిక కావాలి. ఉద్యోగుల లాగిన్‌లు, ఎవరు ఏ ఫోల్డర్ చూడొచ్చన్న హక్కులు, అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. ఉన్నదాని మీదే కొత్త వెర్షన్ ఎక్కించడం కన్నా, పక్కన కొత్త సర్వర్ పెట్టి డొమైన్‌లో చేర్చి, సమాచారం పూర్తిగా కాపీ అయ్యాక బాధ్యతలు దానికి అప్పగించడం మేలు. డొమైన్ చాలా పాతదైతే ఇంకో మెలిక ఉంది. డొమైన్ కంట్రోలర్ల మధ్య ఫైళ్లు కాపీ చేసేందుకు ఎఫ్‌ఆర్‌ఎస్ అనే పాత విధానాన్ని వాడుతున్న డొమైన్‌లో విండోస్ సర్వర్ 2019, ఆ తర్వాతి వెర్షన్లు డొమైన్ కంట్రోలర్లుగా చేరవు. ముందు ఆ విధానాన్ని మార్చుకోవాలి. సర్వర్ల, కంప్యూటర్ల గడియారాలు కూడా సరిచూసుకోవాలి. మామూలు సెట్టింగుల్లో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్‌లు తిరస్కరణకు గురికావచ్చు. సంస్థకు ఒకే డొమైన్ కంట్రోలర్ ఉంటే ఈ అవకాశంతో రెండోది తప్పనిసరిగా పెట్టుకోవాలి.

ఇదంతా ఐటీ విభాగం గొడవ అనుకుని యాజమాన్యాలు చేతులు దులుపుకోవడం మాకు బాధ కలిగిస్తోంది. కొత్త వెర్షన్‌కు సర్వర్ లైసెన్సుతో పాటు, దాన్ని వాడుకునే ఉద్యోగులకో పరికరాలకో కొత్త యాక్సెస్ లైసెన్సులు కూడా కావాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో లేకపోతే అడ్మిన్ చేయగలిగేది ఏమీ లేదు. పని ఎప్పుడు ఆపొచ్చో చెప్పాల్సింది పైవారే. బ్యాకప్ తీశామన్న మాటతో సరిపెట్టుకోకుండా, దాన్ని వేరే మెషీన్ మీద నిజంగా రీస్టోర్ చేసి చూపించమని అడగాలి. రాత్రంతా కూర్చుని సర్వర్ మార్చిన మనిషిని పొద్దున్నే తొమ్మిదింటికి మళ్లీ డ్యూటీకి రమ్మనడం అన్యాయమే కాదు, ప్రమాదం కూడా. తప్పులు దొర్లేది ఆ అలసటలోనే.

మారిన తర్వాత కూడా ‘ఎందుకైనా మంచిద’ని పాత సర్వర్‌ను ఏళ్ల తరబడి నెట్‌వర్క్‌లోనే ఉంచేవారున్నారు. ప్యాచ్‌లు లేని ఆ మెషీన్ అక్కడ ఉన్నంతకాలం ప్రమాదం తొలగినట్టు కాదు. అందుకే పనికి అనుమతి ఇచ్చే కాగితం మీదే పాత సర్వర్‌ను ఆపే తేదీ, ఆపాల్సిన వ్యక్తి పేరు రాసి ఉండాలి. ఆ రెండూ లేని ప్రతిపాదనపై యాజమాన్యాలు సంతకం పెట్టకూడదు.