ఈ ‘థాయ్‌లాండ్ తక్షశిల’ మెసేజ్ ఇంక నాకు పంపకండి

మొదట మా బాబాయి పంపాడు. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. ఆ తర్వాత మా పెద్దమ్మ కొడుకు, కాలేజీ ఫ్రెండ్స్ ఇద్దరు, చివరికి మా ఇంటికి పాలు వేసే అబ్బాయి. అందరూ నాకే పంపడానికి కారణం ఉంది. మా ఆయన పరిశోధన పని మీద నేను మహాసారఖామ్‌లో ఏడాదిన్నర కాపురం చేసి వచ్చాను. ‘మీ ఊరి గురించే, చూశావా’ అని కింద ఒక నమస్కారం బొమ్మ. చూశాను. ఆరుసార్లు చూశాను.

చూడని అదృష్టవంతుల కోసం అందులో ఏముందో చెప్తాను. థాయ్‌లాండ్ ఈశాన్యంలో మహాసారఖామ్ అనే యూనివర్సిటీ ఊరుందట. అది వెయ్యేళ్ళ కిందట తక్షశిల పండితులు వెళ్ళి కట్టినదట. అక్కడ జనం ఇప్పటికీ సంస్కృతం మాట్లాడతారట. బౌద్ధులు కాబట్టి అందరూ శాకాహారులట. బ్యాంకాక్ నుంచి రైల్లో రెండు గంటలట. నెలకి 5 వేల రూపాయలు చాలట. యునెస్కో దాన్ని ప్రపంచంలోనే ఉత్తమ విద్యానగరంగా ప్రకటించిందట. గుడి గోడల మీద రామాయణం ఉందట. వీసా అక్కర్లేదు కాబట్టి మన కుర్రాళ్ళు టూరిస్టులుగా వెళ్ళి ఇంగ్లీష్ టీచర్లుగా చేరిపోవచ్చట, జీతం లక్షన్నరట. కింద ఒక ఫోన్ నంబరు.

యునెస్కోతో మొదలుపెడదాం, తొందరగా అయిపోతుంది. ప్రకటించలేదు. మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోనే గొప్పదని ప్రకటించిందన్న యునెస్కో, ఈ యునెస్కో ఒకే వాట్సాప్‌లో పుట్టాయి.

రైలు. ఆ ఊళ్ళో రైల్వే స్టేషనే లేదు. బాన్ ఫాయ్ నుంచి మహాసారఖామ్, రొయ్ ఎట్ మీదుగా నఖోన్ ఫనోమ్ దాకా కొత్త లైను వేయడం మొదలుపెట్టారు. అది పూర్తయి బండి నడిచాక మాట్లాడుకుందాం. బ్యాంకాక్ నుంచి 470 కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి దిగుతారు. లేదంటే ఖోన్ కేన్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి ఇంకో 70 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. దిగాక ‘యూనివర్సిటీ’ అని ఊరుకుంటే సరిపోదు. ‘మో కావ్’ అంటే ఊళ్ళో ఉన్న పాత క్యాంపస్, ‘మో మాయ్’ అంటే చీ నది దాటాక ఖామ్ రియంగ్‌లో ఉన్న కొత్తది. తేడా చెప్పకుండా సోంగ్ తేవ్ ఎక్కితే, అంటే వెనక రెండు బెంచీలు వేసిన ఆ పికప్ బండి ఎక్కితే, నాలాగే మొదటి రోజు తప్పు క్యాంపస్ గేటు దగ్గర సూట్‌కేసుతో నిలబడతారు.

ఐదు వేల రూపాయల లెక్క కూడా చూద్దాం. అది రెండు వేల బాట్లు కూడా కాదు. మామూలు అంగట్లో ప్లేటు 40, 50 బాట్లు. రోజుకి రెండు పూటలు తింటే ఇరవై రోజుల్లో చెల్లు. ఆ ఇరవై రోజులు ఎక్కడ పడుకోవాలో మెసేజ్ రాసిన మహానుభావుడు చెప్పలేదు.

శాకాహారం దగ్గర మాత్రం నాకు కడుపు మండుతుంది, ఎందుకంటే అక్కడ మొదటి వారం నిజంగానే మాడింది. బౌద్ధులైతే మాంసం తినరని ఎవరు చెప్పారు? భిక్షాపాత్రలో పడిందే భిక్షువు తింటాడు. మహాసారఖామ్ ఉన్న ఈసాన్ ప్రాంతపు ప్రాణమే ‘ప్లా రా’, ఉప్పూ తవుడూ కలిపి నెలల తరబడి ఊరబెట్టిన చేప. బొప్పాయి కాయ కోరిన సలాడ్ అని మనం మురిసిపోతామే, దాన్ని రోట్లో పొక్ పొక్ మని దంచుతూ ఆ నల్లటి నీళ్ళు ఒక గరిటె పోస్తారు. తూటికూర వేపుడు అడిగితే పొయ్యి దింపే ముందు చేప సాసు చిలకరిస్తారు. అడగాల్సింది ‘జే’, అంటే పూర్తి శాకాహారం. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న అంగడి కనిపిస్తే వెళ్ళి కూర్చోవచ్చు. కాకపోతే అక్కడ ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు. శాకాహారానికి వాళ్ళ పుస్తకాల్లో ఇంకో మాట ఉంది, ‘మంగ్సవిరత్’. అక్షరాలా మన ‘మాంసవిరతి’. ఆ మాట నేర్చుకుని ఎంతో గర్వంగా తా ఖోన్ యాంగ్ సంతలో ప్రయోగించాను. అంగడి ఆవిడ తల ఊపి, మాంసం తీసేసి, రొయ్యలు వేసి ఇచ్చింది.

ఇక్కడి నుంచి సంస్కృతం పాయింటుకి వెళ్దాం. మాటలున్నాయి, కాదనను. యూనివర్సిటీని మహావిత్తయాలయ్ అంటారు, లెక్చరర్ ఆచాన్, ఊరు నఖోన్. ఈసాన్ అన్న పేరే మన ఈశాన్యం. మొదట్లో ప్రతి బోర్డూ కూడబలుక్కుని చదివి నేనూ పొంగిపోయాను. కానీ అవి పుస్తకాల మాటలు, పేర్లు. దాహమేస్తే ‘నామ్’ అనాలి, అన్నం ‘ఖావ్’, రా అంటే ‘మా’, పో అంటే ‘పయ్’. ఇళ్ళలో మాట్లాడేది లావో భాష. మన జిల్లా, తహసీల్దారు, దస్తావేజు, జమాబందీ ఎక్కడివి? ఆ లెక్కన రిజిస్ట్రార్ ఆఫీసు ముందు క్యూలో నిలబడ్డ మనమంతా పర్షియన్లం.

తక్షశిల సంగతి. అసలు తక్షశిల ఎక్కడ ఉండేదో, ఎప్పుడు పాడుబడిందో, ఆ తేదీకి ఈ వెయ్యేళ్ళు ఎలా అతుకుతాయో నేను చెప్పను. చిన్నప్పుడు సోషల్ పుస్తకం చదివిన వాళ్ళే కదా అందరూ. మహాసారఖామ్ పట్టణమే 1865 నాటిది. అక్కడ 1968లో టీచర్లని తయారుచేసే కాలేజీ పెట్టారు. 1974లో అది శ్రీనఖరిన్‌విరోత్ విశ్వవిద్యాలయానికి ఒక క్యాంపస్ అయింది. 1994 డిసెంబరులో సొంత యూనివర్సిటీగా విడిపోయింది. అంటే ఈ వెయ్యేళ్ళ విద్యాపీఠం నాకంటే చిన్నది. ఇది కాక రాజభట్ యూనివర్సిటీ, ఇంకా కాలేజీలు, కాబట్టి ఊరు నిండా చదువుకునే పిల్లలే. సాయంత్రం ఐదు దాటితే తెల్లచొక్కా, నల్ల స్కర్టు యూనిఫారంలో బండికి ఇద్దరు ముగ్గురు చొప్పున సంత మీద పడతారు. సెలవులిచ్చారంటే సగం అంగళ్ళు మూత. ఆ చదువుల మూలంగా వాళ్ళే ముచ్చటగా తమ ఊరికి ‘తక్సిలా నఖోన్’ అని బిరుదు తగిలించుకున్నారు, ప్రావిన్సు నినాదంలో కూడా పెట్టుకున్నారు. మనం బెజవాడలో ఒక కాలేజీకి నలంద అని పేరు పెట్టుకున్నట్టు. దాన్నిబట్టి బీహార్ వాళ్ళు వచ్చి కట్టారని ఎవరూ అనరు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ చివరి పాయింటుకి మాత్రం నాకు నవ్వు రాదు.

రెండు నెలల కిందట మా అమ్మగారి ఊరి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. “అక్కా, మీరుండి వచ్చిన ఊళ్ళోనేనంట, ఇంగ్లీష్ టీచరు ఉద్యోగం.” డిగ్రీలో ఇంకా రెండు సబ్జెక్టులు మిగిలాయి వాడికి. ఇంగ్లీష్ సంగతి నేను చెప్పకూడదు, పిల్లవాడు మంచివాడు. మెసేజ్ కింద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే 60 వేలు అడిగారట, 10 వేలు అప్పటికే పంపాడు. “ఏ స్కూల్లోరా?” అన్నాను. “అక్కడికి వెళ్ళాక చెప్తారంట.” “టికెట్ ఎక్కడికి?” “బ్యాంకాక్‌కి అక్కా. అక్కడ కారు వస్తదంట.”

ఆ కారు అన్న మాట దగ్గర నాకు చెమటలు పట్టాయి.

ఎందుకో అర్థం కాని వాళ్ళ కోసం. థాయ్‌లాండ్ వాళ్ళు మనకి వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టింది 2023 నవంబరులో. అప్పుడు 30 రోజులు, 2024 జూలైలో 60 చేశారు. ఈ లెక్క ఎప్పుడైనా మారచ్చు, టికెట్ కొనే రోజున ఎంబసీ సైటు చూసుకోండి. ఎన్ని రోజులైనా అది చుట్టపు చూపుకి ఇచ్చే అనుమతి. ఉద్యోగానికి కాదు. స్కూల్లో పాఠం చెప్పాలంటే డిగ్రీ ఉండాలి, ముందు స్కూలు పేరుతో కాగితాలు రావాలి, వాటితో నాన్ ఇమిగ్రెంట్ బి వీసా తీసుకోవాలి, అక్కడ వర్క్ పర్మిట్ చేయించుకోవాలి, టీచర్ల మండలి అనుమతి ఉండాలి. యూనివర్సిటీ అయితే మామూలుగా పీజీ అడుగుతారు. పర్మిట్ లేకుండా పని చేస్తూ దొరికితే 5 వేల నుంచి 50 వేల బాట్ల జరిమానా, ఆపైన దేశం నుంచి పంపించేస్తారు.

నిజానికి అలా దొరికిపోయినవాడు అదృష్టవంతుడు. బ్యాంకాక్‌లో ఎక్కించుకున్న కారు ఈశాన్యానికి పోదు, పడమరకి పోతుంది. మే సాట్ దగ్గర నది దాటిస్తే మయన్మార్‌లో మ్యావాడి. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మన దేశంలోనే ఎవరి ముసలి తండ్రి బ్యాంకు ఖాతానో ఖాళీ చేయిస్తారు. 2025 మార్చిలో అలా చిక్కుకున్న ఐదు వందల మందికి పైగా మనవాళ్ళని వాయుసేన విమానాల్లో తెచ్చారు. అందులో తెలుగు పిల్లలున్నారు. అంతకు ముందు ఏడాది విశాఖ పోలీసులు ఏజెంట్లని పట్టుకున్నది కంబోడియాకి ఇలాగే పంపినందుకు. డేటా ఎంట్రీ అన్నారప్పుడు. ఇప్పుడు టీచరు అంటున్నారు, తక్షశిల అంటున్నారు. పైన దేశభక్తి, కింద ఫోన్ నంబరు.

మా వాడు ఆగాడు. 10 వేలు రాలేదు. కానీ మెసేజ్ పంపిన ఆరుగురిలో ఒక్కరికైనా ‘ఈ నంబరు ఎవరిది’ అనే ప్రశ్న వచ్చిందా? మా బాబాయిని అడిగితే, “నేను పైన తక్షశిల వరకే చదివానే అమ్మా” అన్నాడు. పెద్ద మేష్టారుగా రిటైరైన మనిషి.

సరే, ఒకటి ఒప్పుకోవాలి. గుడి గోడల మీద రామాయణం అన్న పాయింటు చదివి ఇదీ అబద్ధమేనని రాయబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, నా ఫోన్‌లోనే ఫొటో ఉంది.

ఊరికి దక్షిణాన నాదూన్ అనే చోటుంది. ద్వారవతి అనే అక్కడి ప్రాచీన బౌద్ధ రాజ్యం కాలపు పాత నగరం ఆనవాళ్ళు అక్కడ దొరికాయి. 1979లో పొలంలో బుద్ధుడి అవశేషాలున్న కంచు స్తూపం పేటిక బయటపడితే, దాని ఆకారంలోనే పెద్ద తెల్లటి స్తూపం కట్టారు, అందరూ అది చూసి వెనక్కి వచ్చేస్తారు. ఆ పక్క పల్లెలో వాత్ పా రేరయ్ అని ఒక చిన్న గుడి ఉంది, మన ఊరి రామాలయం గర్భగుడంత. దాని గోడలకి ‘హూప్ తేమ్’ అనే బొమ్మలు, ఇండిగో నీలం, మట్టి రంగులు. పూర్వం ఆడవాళ్ళని లోపలికి రానిచ్చేవారు కాదు కనుక బయటి గోడల మీద కూడా గీశారు. మాతో వచ్చిన ఆచాన్ ఒక చోట వేలు పెట్టి చూపించి, “ఫ్రా లక్, ఫ్రా లామ్” అంది. లక్ష్మణుడు, రాముడు. తమ్ముడి పేరు ముందు. వాళ్ళ కథలో ఇదంతా మెకాంగ్ ఒడ్డున జరుగుతుంది, రాముడు బుద్ధుడి పూర్వజన్మ. “మీ దగ్గర అన్న పేరు ముందా?” అని ఆవిడ నన్ను వింతగా అడిగింది.

కాబట్టి బాబాయ్, ఆ ఒక్క పాయింటు నిజం. అది తక్షశిల పండితులు గీసింది కాదు, సుమారు నూరేళ్ళ కిందట పల్లెటూరి చిత్రకారులు చేసిన పని, అంతే తేడా. సాక్ష్యంగా ఫొటో కూడా పంపాను, ఈ వివరమంతా కింద రాసి.

పావుగంటలో ఆ ఫొటో అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచి నాకే తిరిగొచ్చింది. నేను రాసింది తీసేశారు. దాని బదులు: ‘థాయ్‌లాండ్‌లో 5000 ఏళ్ళ నాటి రామాయణం! నాసా శాస్త్రవేత్తలు షాక్!!’