తెల్లవారుజామున డ్యూటీకెళ్లేవాడూ బెనిఫిట్స్ తీసుకుంటాడు

2012 అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కన్సర్వేటివ్ పార్టీ సభల్లో అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఒక దృశ్యాన్ని కళ్లకు కట్టారు. ఇంకా చీకటి ఉండగానే షిఫ్టుకు బయల్దేరిన కార్మికుడు పక్కింటి వైపు చూస్తాడు. కిటికీలు మూసే ఉంటాయి. లోపల బెనిఫిట్స్, అంటే ప్రభుత్వ సాయం, మీద బతికేవాడు నిద్రపోతుంటాడు. ఇదేం న్యాయం అన్నది ఆయన ప్రశ్న. బ్రిటన్‌లో పేదరికం మీద వాదన ఇప్పటికీ చాలావరకు ఆ కిటికీ దగ్గరే తిరుగుతోంది.

కానీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే ప్రధాన సాయమైన యూనివర్సల్ క్రెడిట్ తీసుకునేవాళ్లలో సుమారు మూడో వంతు మంది ఉద్యోగం చేస్తూనే తీసుకుంటున్నారు. చీకట్లో బయల్దేరినవాడు వాళ్లలో ఒకడు కావచ్చు. ఇక సంక్షేమ ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు వృద్ధాప్య పింఛను. దాని గురించి మాత్రం ఎవరూ పళ్లు కొరకరు.

2013లో మొదలైన యూనివర్సల్ క్రెడిట్ ఆరు రకాల సాయాలను ఒక్కటి చేసింది. జాబ్‌సెంటర్ (ప్రభుత్వ ఉపాధి కార్యాలయం), పన్నుల శాఖ, స్థానిక కౌన్సిల్ అంటూ తిరిగే పని తగ్గింది. అంతవరకు మంచిదే. చిక్కంతా లెక్కలో ఉంది. ఉద్యోగంలో చేరినట్టే అలవాటు కావాలని, సాయాన్ని నెలకోసారి, అదీ నెల గడిచాకే ఇవ్వాలనుకున్నారు. నెల జీతగాడి క్యాలెండర్ తెచ్చి వారం కూలి మీద బతికేవాడి గోడకు తగిలించారు.

దరఖాస్తు పెట్టాక ఒక నెల లెక్కకు, ఆపైన ఒక వారం చెల్లింపుకు పోతుంది. మొదటి డబ్బు పడేసరికి ఐదు వారాలు. 2025-26 రేట్ల ప్రకారం 25 ఏళ్లు నిండిన ఒంటరి మనిషికి నెలకు 400.14 పౌండ్లు, అద్దె సాయం వేరు. ఆగలేనివాళ్లకు అడ్వాన్సు ఇస్తారు గానీ అది అప్పే, 24 నెలల్లో సాయంలోంచే పట్టుకుంటారు. 2025 ఏప్రిల్‌లో కోతల పరిమితిని 25 శాతం నుంచి 15కు దించారు. అయినా ఆ రేటు మీద నెలకు 60 పౌండ్ల దాకా పోవచ్చు.

అసలు తిప్పలు నాలుగు వారాలకోసారి జీతం అందుకునేవాళ్లవి. ఏడాదికి 13 జీతాలు, 12 నెలలు. ఎప్పుడో ఒకసారి ఒకే లెక్క నెలలో రెండు జీతాలు పడతాయి. పన్నులు పోను 600 పౌండ్లు చేతికొచ్చే, 500 అద్దె కట్టే ఒంటరి మనిషిని తీసుకుందాం. అద్దె మొత్తం సాయంలోకి వస్తే ఆ రేటున గరిష్ఠంగా సుమారు 900 రావాలి. పిల్లలు గానీ అనారోగ్యం గానీ లేకపోతే సంపాదించిన ప్రతి పౌండుకూ 55 పెన్నీలు కోస్తారు, అంటే 330 పోయి 570 మిగులుతుంది. రెండు జీతాలు పడ్డ నెలకు కోత 660, సాయం 240. ముందు నెల రెండో జీతం దాచుకుంటే సరిపోతుందిగా అనొచ్చు. పాత బాకీలు, కరెంటు మీటరు ఆ జీతాన్ని అంతవరకు ఉండనిస్తేగా!

బ్యాంకు సెలవు వల్ల జీతం తేదీ ముందుకు జరిగి నెల జీతగాళ్లకూ ఇదే దెబ్బ తగిలింది. నలుగురు ఒంటరి తల్లులు కోర్టుకెక్కి 2020లో అప్పీలు కోర్టులో గెలిచారు. ఆ ఏడాదే నిబంధన మార్చారు. నాలుగు వారాల జీతగాళ్లకు మాత్రం ఆ మార్పు వర్తించలేదు.

పైగా ఆ 55 శాతాన్ని ఒకసారి ఇంగ్లండ్‌లో అత్యధిక ఆదాయ పన్ను రేటు 45 శాతం పక్కన పెట్టి చూడండి. ఆదాయ పన్ను 20, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కట్టే సామాజిక బీమా చందా) 8 శాతం కట్టే స్థాయికి ఎదిగిన కార్మికుడికి అదనంగా సంపాదించిన పౌండులో అవి పోగా మిగిలే 72 పెన్నీల్లోనూ 55 శాతం కోత పడి, దక్కేది 32 పెన్నీలే. ఇంకో షిఫ్టు ఎందుకు చేయడం లేదని అతన్నే నిలదీస్తారు. సాయం పొందేవాడి బతుకు, బయట అతి తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కన్నా దిగువనే ఉండాలని 1834 నాటి పేదల చట్టం పెట్టిన సూత్రం వాసన ఇంకా పోలేదు.

లండన్‌లో, లెస్టర్‌లో వీసా మీద ఉన్న మనవాళ్లకు ఇవేవీ అందవు. వీసా షరతుల్లోనే ప్రభుత్వ నిధులు వర్తించవని ఉంటుంది. అందుకే ‘మేం పన్నులు కడితే వాళ్లు కూర్చుని తింటున్నారు’ అనే మాట మన ఇళ్లలోనూ సులువుగా వచ్చేస్తుంది. చాలామందికి తెలియనిది ఒకటుంది. నేషనల్ ఇన్సూరెన్స్ చందా మీద ఆధారపడిన న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్ అనే నిరుద్యోగ భృతి ఆ నిషేధం కిందికి రాదు. డిపెండెంట్ వీసా మీద ఉండి, గత రెండు మూడేళ్లలో తగినంత చందా కట్టి ఉద్యోగం పోగొట్టుకున్న భార్య గానీ భర్త గానీ అడగొచ్చు. 2025-26 రేట్ల ప్రకారం 25 ఏళ్లు నిండితే వారానికి 92.05 పౌండ్లు, గరిష్ఠంగా ఆరు నెలలు.