సవరణ: మూకీ బెట్స్‌ను వదులుకున్న సంగతి

స్టార్ ఆటగాడు మూకీ బెట్స్‌ను వదులుకున్నందుకు అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ మీద మొన్న కోపంలో రాసిన దానిలో రెండు తప్పులు దొర్లాయి. 2020 ఫిబ్రవరిలో బెట్స్‌ను లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు ఇచ్చేసే నాటికి అతని ఒప్పందం ఇంకా చాలా ఏళ్లు ఉందన్నాను. లేదు, మిగిలింది ఒక్క సీజనే. ఆ తర్వాత అతను నచ్చిన జట్టుకు వెళ్లిపోవచ్చు. యాజమాన్యానికి ఉన్న ఈ ఇబ్బందిని నేను చెప్పకపోవడం న్యాయం కాదు, క్షమించండి.

రెండోది: బెట్స్‌కు బదులుగా పిచర్ (బంతి విసిరే ఆటగాడు) బ్రూస్‌దార్ గ్రాటెరోల్ వచ్చాడని రాశాను. మిన్నెసోటా జట్టునూ కలుపుకొని మొదట కుదిరిన బేరం అది. అతని వైద్య నివేదికలు చూశాక బోస్టన్ వెనక్కి తగ్గింది. చివరికి వచ్చినవారు అలెక్స్ వెర్డూగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్. వద్దనుకున్న గ్రాటెరోల్ కూడా డాడ్జర్స్‌కే చేరాడు!

కోపాన్ని మాత్రం సవరించుకోను. 2018లో అమెరికన్ లీగ్ (బేస్‌బాల్‌లోని రెండు పెద్ద లీగ్‌లలో ఒకటి) అత్యంత విలువైన ఆటగాడు బెట్సే, బోస్టన్ వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) గెలిచిందీ ఆ ఏడాదే. అలాంటివాడితో పాటు పిచర్ డేవిడ్ ప్రైస్‌నూ పంపి, ప్రైస్ జీతంలో సగం తామే కడతామన్నారు. ఎదురు డబ్బిచ్చి పాడి ఆవును తోలినట్టు. 2020 జూలైలో డాడ్జర్స్ బెట్స్‌తో 12 ఏళ్లకు 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది, అక్టోబరులో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఇక వెర్డూగోను 2023 డిసెంబరులో ఎవరికిచ్చారు? బద్ధ ప్రత్యర్థి యాంకీస్‌కు. క్యాచర్ (పిచర్ విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) వాంగ్ మీద నాకే ఫిర్యాదూ లేదు.